బాక్టీరియా తోక పట్టుకొని గోదారి ఈదేవారికి



జీవపరిణామం అబద్ధమని చెప్పదలచినవారు ఒకప్పుడు కోతిని ముందుకు తెచ్చేవారు. “కోతి మనిషిగా మారుతుండగా ఎవరైనా చూశారా?” అని అడిగేవారు. ఆ ప్రశ్న ఇప్పుడు కొంత పాతబడింది. దాని స్థానంలోకి బాక్టీరియా వచ్చింది. రంగురంగుల బొమ్మలతో, గంభీరమైన నేపథ్య సంగీతంతో చిన్న చిన్న వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిలో ఒక బాక్టీరియా, దాని వెనుక గిరగిర తిరిగే తోక, ఆ తోక మొదట్లో మనిషి చేసిన మోటారును తలపించే ఒక యంత్రం కనిపిస్తాయి. చివర ఒక ప్రశ్న ఉంటుంది: “ఇందులో ఒక్క భాగం తీసివేసినా యంత్రం ఆగిపోతుంది. ఇటువంటిది కొంచెం కొంచెంగా, తనంతట తాను ఎలా తయారవుతుంది?” ఈ వీడియోలను పంపుతున్నవారు చదువు లేనివారు కారు. వారిలో ఇంజినీర్లున్నారు, అధ్యాపకులున్నారు. చెప్పడానికి బాధగా ఉన్నా, వైద్యులూ ఉన్నారు.

రక్తపోటు, మధుమేహం, జ్వరాల గురించి రాసుకొనే ఈ చోట ఇటువంటి వాదానికి సమాధానం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. బాక్టీరియాలో సంక్లిష్టమైన అణునిర్మాణాలు ఎలా పుట్టాయన్నది పండితుల కాలక్షేపం కాదు. ఆ తోక ఏ దారిన వచ్చిందో, మన మందులను ఓడిస్తున్న ఆయుధాలు కూడా ఆ దారినే వస్తున్నాయి. మొదటిది అసాధ్యమని నమ్మినవారికి రెండవది అర్థం కాదు. అర్థం కానివారి చేతిలో మందుల చీటీ ఉంటే నష్టపోయేది రోగి.

ఏమిటా తోక?

శాస్త్రగ్రంథాలలో దీనిని కశాభం అంటారు. కశ అంటే కొరడా. టైఫాయిడ్ అనుమానంతో రక్తపరీక్ష చేయించుకున్నవారు దీని జాడను తెలియకుండానే చూసి ఉంటారు. విడాల్ పరీక్ష కాగితంలో ‘ఓ’ అనీ, ‘హెచ్’ అనీ వరుసలుంటాయి. వాటిలో ‘హెచ్’ అన్నది టైఫాయిడ్ బాక్టీరియా కశాభానికి ఎదురుగా మన శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాల లెక్క. అంటే మన రక్తానికి ఈ తోక బాగా పరిచయమైన శత్రువే.

దీని మందం మిల్లీమీటరులో దాదాపు 50,000వ వంతు. పొడవు మాత్రం బాక్టీరియా దేహానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్ అణువులు వేల సంఖ్యలో ఒకదానిపై ఒకటి పేరుకొని ఈ తోక ఏర్పడుతుంది. మొదట్లో ఒక కొక్కెం, దాని కింద ఒక కడ్డీ, కడ్డీ చుట్టూ బాక్టీరియా పొరలలో బిగిసిన ఉంగరాలు ఉంటాయి. కణత్వచానికి వెలుపల పోగైన ప్రోటాన్లు లోనికి దూసుకువస్తూ ఈ చక్రాన్ని తిప్పుతాయి. కాలువ నీటి వేగానికి మర చక్రం తిరిగినట్లే. మన పేగులలో నివసించే ఇ. కోలై బాక్టీరియాలో ఇది సెకనుకు కొన్ని వందల చుట్లు తిరుగుతుంది. మరొక విశేషం ఉంది. మన వెంట్రుక మొదట్లో పెరుగుతుంది, కశాభం కొసన పెరుగుతుంది. కొత్త ప్రోటీన్ అణువులు బోలుగా ఉన్న తోక గుండా ప్రయాణించి చివరకు చేరి అక్కడ అతుక్కుంటాయి.

ఇది చూసి ఆశ్చర్యపడనివాడు రసికుడు కాడు. ఆశ్చర్యంతో నాకు పేచీ లేదు. ఆశ్చర్యాన్నే రుజువుగా చలామణి చేయడంతోనే పేచీ.

వాదం అసలు ఎక్కడిది?

ఈ వీడియోలకు మూలం 1996లో అమెరికాలో వెలువడిన ‘డార్విన్స్ బ్లాక్ బాక్స్’ అనే పుస్తకం. రచయిత మైకేల్ బీహీ, పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రం బోధించిన ఆచార్యుడు. ఆయన వాదాన్ని తక్కువ చేయకుండా చెబుతాను. ఎలుకల బోనును తీసుకోండి. ఒక చెక్క, ఒక స్ప్రింగు, ఎలుకను కొట్టే కడ్డీ, ఆ కడ్డీని పట్టి ఉంచే మరో కడ్డీ, ఎర పెట్టే కొక్కెం. ఈ అయిదింటిలో ఏది లేకపోయినా ఎలుక చిక్కదు. నాలుగు భాగాల బోను అయిదు భాగాల బోనులో నాలుగయిదు వంతుల ఎలుకలను పట్టదు, అసలు పట్టనే పట్టదు. కశాభం కూడా అటువంటిదేనని బీహీ అన్నాడు. సగం కశాభంతో సగం ఈత ఉండదు. ప్రకృతివరణం పనికివచ్చేదాన్నే నిలుపుతుంది కనుక, పనికిరాని సగాన్ని అది నిలపలేదు. కనుక ఎవరో ఆలోచించి ఒక్కసారిగా అమర్చి ఉండాలి. ఇదీ వాదం.

వీడియోలు పంపేవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. భూమి వయస్సు కోట్ల సంవత్సరాలన్నదాన్నీ, మనిషికీ కోతులకూ ఉమ్మడి పూర్వీకులున్నారన్నదాన్నీ బీహీ అంగీకరిస్తాడు. పరిణామం జరిగిందన్నదానిపై ఆయనకు అభ్యంతరం లేదు. ఎలా జరిగిందన్నదానిపైనే అభ్యంతరం. ఆయన పుస్తకాన్ని పట్టుకొని పరిణామమే లేదనేవారు ఆ పుస్తకాన్నయినా పూర్తిగా చదవలేదన్నమాట.

లోపం ఎక్కడుంది?

“ఇప్పుడు ఒక భాగం తీస్తే పని ఆగిపోతుంది” అన్న మాట నిజం. “కనుక ఆ భాగం లేని కాలం ఎన్నడూ లేదు” అన్న మాట దానినుండి రాదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న అగాధాన్ని వీడియో సంగీతం కప్పివేస్తుంది.

మన పల్లెల్లోని టైరు బండిని గుర్తు చేసుకోండి. తాతల కాలంలో ఎడ్లబండికి చెక్క చక్రాలుండేవి. తరువాత పాత వాహనాల ఇరుసులు, రబ్బరు టైర్లు తెచ్చి బిగించారు. ఆ టైరును ఎడ్లబండి కోసం ఎవరూ తయారుచేయలేదు. అది మొదట మరొక వాహనం కింద మరొక పని చేసింది. ఈనాడు ఆ టైరు తీసివేస్తే బండి అంగుళం కదలదు. అంతమాత్రాన బండి, ఇరుసు, టైరు ఒకే రోజు ఒకే కొట్టంలో పుట్టాయని అనగలమా?

“అక్కడ బిగించిన వడ్రంగి ఉన్నాడు కదా” అని వెంటనే అంటారు. ఉన్నాడు. ఈ పోలికతో నేను చెప్పదలచింది ఒక్కటే. ఈనాడు ఒక యంత్రంలో విడదీయరాని భాగమైనది నిన్న వేరొక పనిలో ఉండి ఉండవచ్చు. ఇక బాక్టీరియాలో వడ్రంగి పని చేసేవి నాలుగున్నాయి. జన్యువుకు పొరపాటున అదనపు నకలు ఏర్పడడం, ఆ నకలులో మార్పులు రావడం, ఒక బాక్టీరియా జన్యువులు మరొకదానికి చేరడం, వీటిలో బతుకుకు పనికివచ్చినవి నిలిచి తక్కినవి నశించడం. ఈ నాలుగింటినీ ప్రయోగశాలలో ఏ రోజైనా చూడవచ్చు. వీటిలో ఏదీ ఊహ కాదు.

మరొక దారి కూడా ఉంది. మొదట ఒక భాగం ఉంటే మంచిది, లేకపోయినా గడుస్తుంది అన్న స్థితిలో చేరుతుంది. తరువాత మిగిలిన భాగాలు దానికి అలవాటుపడి మారుతాయి. చివరకు అది లేకుండా పని జరగని స్థితి వస్తుంది. మన ఇళ్ళలోకి కరెంటు ఇలాగే వచ్చింది. కొత్తలో దీపాలకు మాత్రమే, అదీ విలాసం. ఈనాడు అది ఆగితే మోటారు తిరగదు, నీళ్ళు రావు, వంట సాగదు. పరిణామం వల్ల ఇటువంటి అల్లిక తప్పక ఏర్పడుతుందని జన్యుశాస్త్రవేత్త హెర్మన్ మల్లర్ 1918లోనే వివరించాడు. ఆయనకు తరువాత నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అంటే బీహీ పరిణామానికి చావుదెబ్బగా చూపినది, ఆయన పుస్తకానికి 78 ఏళ్ళ ముందే పరిణామ ఫలితంగా ఊహించినది.

కెన్నెత్ మిల్లర్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త ఎలుకల బోనులో రెండు భాగాలు తీసివేసి, మిగిలిన దానిని టైకి క్లిప్పుగా తగిలించుకొని ఉపన్యాసాలకు వెళ్ళేవాడు. అది ఎలుకను పట్టదు, టైని మాత్రం చక్కగా పడుతుంది.

భాగాలకు బంధువులున్నారు

ఇది తర్కం. ఇక సాక్ష్యం. కశాభపు భాగాలు ఒక్కసారిగా, దాని కోసమే తయారై ఉంటే వాటికి వేరే చోట బంధువులుండకూడదు. ఉన్నారు.

తోకను తిప్పే శక్తి భాగంలో మాట్-ఏ, మాట్-బి అనే రెండు ప్రోటీన్లున్నాయి. బాక్టీరియా ఇనుమును లోనికి తీసుకొనే ఏర్పాటులో ఎక్స్‌బి-బి, ఎక్స్‌బి-డి అనే మరో జంట ఉంది. ఈ రెండు జంటలు దాయాదులు. ప్రోటాన్ల ప్రవాహాన్ని కదలికగా మార్చడమే రెండింటి పని. రెండింటిలోనూ ఒక రకం అణువులు అయిదు, మరో రకం అణువులు రెంటిని చుట్టి ఉంటాయని శక్తిమంతమైన సూక్ష్మదర్శినులు ఇటీవలనే చూపాయి. ఒకటి తోకను తిప్పుతుంది, మరొకటి ఇనుము కోసం తలుపు లాగుతుంది.

ఫ్లాజెల్లిన్ వంటి అణువులను బయటకు పంపే చోట ఫ్లై-ఐ అనే ఎంజైము ఉంది. ఇది ఏటీపీ తయారుచేసే ఎంజైములోని ఒక భాగానికి బంధువు. ఆ ఎంజైము ఈ వ్యాసం చదువుతున్న మీ కణాలలోని మైటోకాండ్రియాలో ఈ క్షణాన కూడా తిరుగుతోంది. ఇక కడ్డీ, కొక్కెం, వాటిని తోకతో కలిపే అతుకులు చాలావరకు ఒకే కుటుంబపు ప్రోటీన్లు. ఒక జన్యువుకు నకళ్ళు ఏర్పడి, ఒక్కొక్క నకలు ఒక్కొక్క పనికి కుదురుకొంటే ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి.

2006లో మార్క్ పాలెన్, నికొలస్ మాట్జ్కే అనే ఇద్దరు పరిశోధకులు ఈ లెక్కలన్నీ ఒకచోట చేర్చారు. సాల్మొనెల్లా కశాభానికి 40కి పైగా జన్యువులు కావాలన్నది నిజమే. వేరు వేరు జాతులను పోల్చి చూస్తే, అన్నిటిలోనూ తప్పనిసరిగా కనిపించే ప్రోటీన్లు దాదాపు 20 మాత్రమే. వాటిలోనూ అధికభాగానికి కశాభంతో సంబంధం లేని పనులలో బంధువులున్నారు.

వీడియోలో చూపే ‘ఆ’ కశాభం నిజానికి ఒక్కటి కాదు. కణానికి బయటి పొర లేని బాక్టీరియాలలో రెండు ఉంగరాలు ఉండనే ఉండవు, అయినా అవి ఈదుతాయి. కలరా బాక్టీరియా తోక ప్రోటాన్లతో కాక సోడియం అయాన్లతో తిరుగుతుంది, దానికి పైన ఒక తొడుగు కూడా ఉంటుంది. వరి పొలాల్లో, వరద నీటిలో పనిచేసేవారిని పట్టే ఎలుక జ్వరానికి కారణమైన లెప్టోస్పైరాలో కశాభం బయటకే రాదు. అది రెండు పొరల నడుమ దాగి, మొత్తం దేహాన్నే మరలా తిప్పుతుంది. ఒకే నమూనాతో ఒక్కసారి బిగించిన యంత్రంలో ఇన్ని రకాలు, ఇన్ని మినహాయింపులు ఎందుకుంటాయి? ఒకే పూర్వీకుని సంతతి వేరు వేరు బతుకులలోకి వెళ్ళి మారితే ఇలాగే ఉంటుంది.

సూది యంత్రం గురించి ఒక న్యాయమైన మాట

కశాభపు అడుగుభాగానికి అతి దగ్గర బంధువు మరొకటుంది. టైఫాయిడ్, ప్లేగు, రక్తవిరేచనాల బాక్టీరియాలు ఒక సన్నని సూది వంటి యంత్రంతో తమ విషపు ప్రోటీన్లను మన కణాలలోనికి నేరుగా ఎక్కిస్తాయి. దానిని మూడవ రకపు స్రావక వ్యవస్థ అంటారు. దానిలోని పది వరకు ప్రోటీన్లు కశాభపు ప్రోటీన్లకు స్పష్టమైన బంధువులు. దానికి తోక లేదు, అది తిరగదు, ఈదదు. కాని తన పని తాను నిక్షేపంగా చేస్తుంది, ఆ పని ఎంత బాగా చేస్తుందో రోగుల ప్రాణాలు చెబుతాయి.

పరిణామాన్ని సమర్థించేవారు కొందరు ఉత్సాహంలో “ఈ సూది యంత్రం నుండే కశాభం పుట్టింది” అని అనేస్తుంటారు. అది తొందరపాటు. 2012లో సోఫీ అబ్బీ, ఎడ్వార్డో రోషా వందలాది బాక్టీరియాల జన్యువులను పోల్చి, క్రమం తలకిందులని చూపారు. కశాభం ముందు, దానినుండి సూది యంత్రం తరువాత. ఇది విని బీహీ వైపువారు “చూశారా” అంటారు. చూడవలసింది వారే. ఈదే యంత్రంలో కొన్ని భాగాలు పోయి, కొన్ని కొత్తవి చేరి, మధ్యలో ఎక్కడా పనికిమాలినది కాకుండా పూర్తిగా వేరొక పనిముట్టుగా మారిందన్నది దాని అర్థం. భాగం తీస్తే మిగిలేది తుక్కు అన్న వాదానికి ఇంతకంటే సూటి జవాబు ఏముంటుంది?

సగం కశాభం ఎక్కడుందని అడిగేవారు పొలానికి వెళ్ళవచ్చు. రైతులకు తెలిసిన పేనుబంక పురుగుల దేహంలో బుఖ్నెరా అనే బాక్టీరియా నివసిస్తుంది. దానికి ఈదవలసిన అవసరం ఎప్పుడో పోయింది, తోక కూడా పోయింది. అయినా తోక లేని అడుగుభాగాలు, కొక్కేలు వందల సంఖ్యలో దాని ఒంటినిండా ఉన్నాయి. ప్రోటీన్లను బయటకు పంపే ద్వారాలుగా అవి ఉపయోగపడుతున్నాయని శాస్త్రవేత్తల భావన. జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా మరో ఉదాహరణ. జన్యువులను బట్టి చూస్తే అది ఇ. కోలై వంశంలోనిదే. ఈత మానేసింది, సూది యంత్రాన్ని మాత్రం అరువు తెచ్చుకొని కాపాడుకుంటోంది.

న్యాయస్థానం ఏమన్నది?

ఈ వాదానికి తన పక్షం వినిపించుకొనే అవకాశం దక్కలేదని ఎవరూ అనలేరు. పెన్సిల్వేనియాలోని డోవర్ పట్టణపు పాఠశాల బోర్డు, 2004లో, తొమ్మిదవ తరగతి పిల్లలకు పరిణామానికి ప్రత్యామ్నాయంగా ఈ ‘తెలివైన రూపకల్పన’ను పరిచయం చేయాలని నిర్ణయించింది. 11 మంది తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. బీహీ స్వయంగా సాక్ష్యమిచ్చాడు. కశాభం గురించి రోజుల తరబడి వాదోపవాదాలు నడిచాయి. 2005 డిసెంబర్ 20న న్యాయమూర్తి జాన్ జోన్స్ 139 పేజీల తీర్పు ఇచ్చాడు. ఇది విజ్ఞానశాస్త్రం కాదని, మతవిశ్వాసానికి వేసిన కొత్త ముసుగని అందులో తేల్చాడు. ఆ న్యాయమూర్తిని నియమించినది జార్జి బుష్, అంటే ఆయన నాస్తికుల కూటమి మనిషి కాడు. అక్కడ కోర్టులో ఓడిన సరకును ఇరవై ఏళ్ళ తరువాత మన ఫోన్లలో కొత్త సరకుగా అమ్ముతున్నారు.

“ఎవరైనా చూశారా?”

చూశారు. 2015లో ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. నేలలో నివసించే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బాక్టీరియాలో కశాభ నిర్మాణానికి ఆజ్ఞలిచ్చే ప్రధాన జన్యువును తొలగించారు. తోకలు పోయాయి. వాటిని ఆకలికి వదిలివేశారు, దగ్గరి తిండి తరగగానే కదలలేనివి చావక తప్పదు. 96 గంటలలో కొన్ని మళ్ళీ ఈదసాగాయి. తొలగించిన జన్యువు తిరిగి రాలేదు. నత్రజని వినియోగాన్ని నడిపే వేరొక నియంత్రణ వ్యవస్థ రెండు మెట్లలో మారి, కశాభపు బాధ్యతను కూడా స్వీకరించింది. మొదటి మెట్టుకే కొంత ఈత వచ్చింది, రెండవ మెట్టుకు అది మెరుగుపడింది. పని మార్చుకోవడం అంటే ఇదే. మొత్తం యంత్రం కొత్తగా పుట్టలేదన్నది నిజమే. కాని “ఒక ముఖ్య భాగం తీస్తే ఇక దారి లేదు” అన్న మాట నాలుగు రోజులు కూడా నిలవలేదు.

ప్రతి మెట్టూ పనికివచ్చేదిగా ఉండడం సాధ్యమేనా అన్న సందేహానికి కూడా లెక్క ఉంది. పెన్సిలిన్ జాతి మందులను తుంచివేసే టెమ్ అనే ఎంజైము ఒకటుంది. దానిలో అయిదు మార్పులు వస్తే సెఫోటాక్సిమ్ అనే ఇంజెక్షన్ మందుకు నిరోధకత దాదాపు 1,00,000 రెట్లు పెరుగుతుంది. ఆ అయిదు మార్పులూ ఒకటి తరువాత ఒకటి 120 క్రమాలలో రావచ్చు. 2006లో డేనియల్ వైన్‌రైక్, ఆయన సహచరులు అన్ని రూపాలనూ తయారుచేసి పరీక్షించారు. 102 క్రమాలలో దారి మధ్యలో మూసుకుపోతుంది. 18 క్రమాలలో మాత్రం ప్రతి మెట్టు దగ్గరా బాక్టీరియాకు లాభమే. చాలా దారులు మూసి ఉన్నాయన్నంత వరకు బీహీ వైపువారిది నిజం. కాని ఇల్లు దాటడానికి అన్ని తలుపులూ తెరిచి ఉండనక్కరలేదు, ఒక్కటి చాలు.

ఇక టైఫాయిడ్ వార్డులోకి రండి

1948లో క్లోరాంఫెనికాల్ వచ్చాక టైఫాయిడ్ ప్రాణాంతకమన్న భయం చాలావరకు తొలగింది. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ బయటపడింది. ఆ నిరోధక జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న వలయం మీద కూర్చుని, ఒక బాక్టీరియా నుండి మరొకదానికి చేరగలిగింది. తరువాత మరిన్ని పాత మందులు పోయాయి. సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది. అది తాకవలసిన ఎంజైము జన్యువులో ఒకటి రెండు అక్షరాల మార్పుతో దాని బలం సన్నగిల్లింది. 2016లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో, మన రాజధానికి పేరులో జోడైన మరో హైదరాబాదులో, సెఫ్ట్రయాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ ప్రబలింది. నోటితో ఇచ్చే మందులలో ఆధారపడదగినదిగా అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది.

ఆ సింధు బాక్టీరియాకు ఆ శక్తి ఎక్కడిది? సీటీఎక్స్-ఎం అనే ఎంజైము జన్యువును మోసే ఒక ప్లాస్మిడ్‌ను అది ఇ. కోలై నుండి పుచ్చుకొంది. ఇ. కోలై వంటి బాక్టీరియాలకు ఆ జన్యువు అంతకు ముందెన్నడో క్లయివెరా అనే, మనకు పెద్దగా హాని చేయని బాక్టీరియా నుండి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, పెన్సిలిన్‌ను తుంచే ఇటువంటి ఎంజైములు బాక్టీరియా గోడను కట్టే ఎంజైముల సంతతే. పెన్సిలిన్ ఏ ఎంజైమును పట్టి చంపుతుందో, దాని వారసులే పెన్సిలిన్‌ను తుంచడం నేర్చుకొన్నాయి.

ఇప్పుడు పైన చెప్పిన కశాభపు కథతో పోల్చి చూడండి. నకలు, మార్పు, అరువు, పనిమార్పు, నిలిచినదాని ఎంపిక. అక్షరం పొల్లుపోకుండా అదే కథ. ఒకటి కోట్ల ఏళ్ళ వెనుక జరిగింది, మరొకటి మన మంచం పక్కన జరుగుతోంది.

“అది చిన్న మార్పు. బాక్టీరియా బాక్టీరియాగానే ఉంది కదా” అంటారు. బాక్టీరియాలు భూమిపై దాదాపు 350 కోట్ల ఏళ్ళుగా ఉన్నాయి. అనుకూల పరిస్థితులలో ఇ. కోలైకి ఒక తరం 20 నిమిషాలు. డెబ్బై ఏళ్ళలో మన మందుల పెట్టెను ఇంతగా ఖాళీ చేసిన విధానానికి 350 కోట్ల ఏళ్ళిస్తే ఏమి చేయలేదని హద్దు గీసేవారు, ఆ హద్దు ఎక్కడుందో, దానిని కాపలా కాసేదేమిటో చెప్పాలి. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

దీనికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

2018 జనవరిలో కేంద్రంలో విద్యాశాఖను చూసే సహాయమంత్రి ఒకరు, డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పని, పాఠ్యపుస్తకాలు మారాలని బహిరంగంగా అన్నారు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి సైన్సు పుస్తకం నుండి పరిణామ భాగం తొలగిపోయింది. పిల్లల బరువు తగ్గించడానికని, పన్నెండవ తరగతిలో ఎలాగూ ఉందని సమర్థించుకొన్నారు. పదవ తరగతి దాటాక జీవశాస్త్రం తీసుకొనేవారెందరు? తక్కినవారంతా రేపు దుకాణంలో యాంటీబయాటిక్ అడిగి కొనుక్కొనేవారే, కోళ్ళ ఫారాలు నడిపేవారే, మందుల కర్మాగారాల వ్యర్థాలను ఎక్కడికి వదలాలో నిర్ణయించేవారే. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ మన ఫోన్లలో వీడియోలంత వేగంగా తిరగలేదు.

2007లో ప్రచురితమైన ఒక పరిశోధన హైదరాబాదు శివారులోని పటాన్‌చెరులో, మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి బయటకు వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు చూపింది. పరిణామం తెలిసినవానికి ఆ అంకె చాలు, గుండె జల్లుమంటుంది. ఆ నీటిలో బతికే ప్రతి బాక్టీరియా ఆ మందును ఓడించే పరీక్షకు కూర్చున్నట్లే. పరిణామం అబద్ధమన్నవానికి అది మురికినీరు మాత్రమే.

దైవభక్తులైన పాఠకులు నొచ్చుకోనక్కరలేదు. ఈ వ్యాసం దేవుడున్నాడా లేడా అన్నది తేల్చదు, తేల్చలేదు. నాకు తెలిసిన నిష్ఠాపరులైన వైద్యులెందరో పూజ ముగించుకొని వచ్చి పరిణామం ఆధారంగానే మందు ఎంచుకొనేవారు. పైన చెప్పిన కెన్నెత్ మిల్లర్ కూడా చర్చికి వెళ్ళే క్రైస్తవుడే. దేవుణ్ణి మనకు తెలియని ఖాళీలలో కూర్చోబెట్టడం భక్తికే చేటు. పరిశోధన సాగినకొద్దీ ఆ ఖాళీలు ఇరుకవుతాయి, దేవుడు ఒక్కొక్క గది ఖాళీ చేయవలసి వస్తుంది. పైగా కశాభం ఎవరో పనిగట్టుకొని బిగించినదే అయితే, దాని దాయాదియైన సూదిని కూడా వారే బిగించారనాలి. పసిపిల్లల పేగులలోకి విషం ఎక్కించే సూది అది. ఆ నింద ఏ దేవునిపై వేస్తారు?

నా మనవి

జలుబుకు, మామూలు గొంతునొప్పికి, వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ అడగవద్దు, వైద్యుడు ఇవ్వకపోతే అలగవద్దు. వైద్యుడు రాసినప్పుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి. పోయినసారి మిగిలిన మాత్రలను దాచి ఈసారి మింగవద్దు, పొరుగువారికి పంచవద్దు. ఒక్క విడాల్ కాగితం చూసి టైఫాయిడ్ అని తేల్చుకోవద్దు. జ్వరం తగ్గనప్పుడు, మందు మొదలుపెట్టే ముందే రక్తపు కల్చర్ చేయించగలరా అని వైద్యుణ్ణి అడగండి. కాచిన నీరు తాగండి, చేతులు కడుక్కోండి. పిల్లలకు టైఫాయిడ్ టీకా గురించి మీ వైద్యునితో మాట్లాడండి. మన హైదరాబాదులో తయారైన టైఫాయిడ్ టీకాయే 2019లో ఆ సింధు హైదరాబాదు పిల్లలను కాపాడడానికి వెళ్ళింది. లొంగని బాక్టీరియాను పుట్టకముందే అడ్డుకొనే పద్ధతులలో అది ఒకటి. సోకని రోగానికి మందు అక్కరలేదు, మందు పడనిచోట నిరోధకతకు పోటీ లేదు.

ఇక ఆ వీడియో మళ్ళీ వస్తే పంపినవారిని ఒక్క ప్రశ్న అడగండి. “బాక్టీరియా మారలేదని మీరు నిజంగా నమ్మితే, ఈసారి టైఫాయిడ్ వస్తే 1948 నాటి క్లోరాంఫెనికాల్‌తోనే సరిపెట్టుకొంటారా?” కొత్త మందే కావాలంటారు. కుక్కతోక పట్టుకొని గోదారి ఈదాలనుకొన్నవాడు కూడా నడి ఏటికి వచ్చాక పడవనే పిలుస్తాడు.